గోధుమ చేల మధ్య పాటల ఊరు

అమెరికాలో ఎక్కడుంటారని ఎవరైనా అడిగితే కాన్సస్ అనేదాన్ని. అందరూ కాన్సస్ సిటీ అనుకునేవారు. కాదండీ, అక్కడికి మూడు గంటల దూరంలో లిండ్స్‌బోర్గ్ అని చిన్న ఊరు, మూడు వేల చిల్లర జనాభా అనేసరికి వాళ్ళకి ఇంకేం అడగాలో తోచేది కాదు. న్యూజెర్సీలో, డల్లాస్‌లో ఉన్న మా చుట్టాలైతే "అయ్యో, అక్కడ ఇండియన్ స్టోర్ కూడా ఉండదేమో పాపం" అని జాలిపడేవారు. ఉండదు, నిజమే. కందిపప్పుకైనా కరివేపాకుకైనా విచిటా నగరానికి పోవాల్సిందే, గంటకు పైగా ప్రయాణం. అయినా ఆ దేశంలో మేం కాపురం పెట్టిన ఊళ్ళన్నిటిలోకీ నేను ఇప్పటికీ బెంగపెట్టుకునేది ఆ ఊరి మీదే. ఎప్పటినుంచో దాని గురించి రాయాలనుకుంటున్నాను.

మేం అక్కడికి ఎలా చేరామో డాక్టర్ల ఇళ్ళలో వాళ్ళకి చెప్పక్కర్లేదు. జె-1 అనే వీసా మీద రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో డాక్టరు శిక్షణ, చేసినవాళ్ళు చదువయ్యాక రెండేళ్ళు స్వదేశానికి వెళ్ళిపోవాలి, లేదా డాక్టర్లు కరువైన ప్రాంతంలో మూడేళ్ళు పనిచెయ్యాలి. అందుకే పెద్ద నగరాలకి దూరంగా, గోధుమ చేల మధ్య ఎక్కడో ఉన్న ఆసుపత్రికి వెళ్ళినా లోపల ఒక రెడ్డి గారో రావు గారో కనిపిస్తారు. మావారికి ఉద్యోగం వేరే ఊళ్ళో, రోజూ కారులో వెళ్ళొచ్చేవారు. ఇల్లు మాత్రం లిండ్స్‌బోర్గ్‌లో దొరికింది. అలా 2000ల మొదట్లో ఆ ఊరివాళ్ళమయ్యాం.

ప్రెయిరీ గడ్డి భూములు అని స్కూల్లో సోషల్ పరీక్ష కోసం బట్టీ పట్టాం గానీ అదెలా ఉంటుందో చూస్తే తప్ప తెలియదు. నాలుగు వైపులా నేల, పైన మూతలా ఆకాశం, గాలి ఆగదు. చెట్లంటూ ఉంటే స్మోకీ హిల్ నది ఒడ్డున కాటన్‌వుడ్ చెట్లే. ఊరు రాకముందే ధాన్యం ఎలివేటర్ కనబడుతుంది. ఎలివేటర్ అంటే లిఫ్టు కాదండోయ్, ధాన్యాన్ని పైకి లాగి నిలవచేసే తెల్లటి కాంక్రీటు గోపురాల వరస, ప్రతి ప్రెయిరీ ఊరికీ ఒకటుంటుంది. దూరం నుంచి ముందు అది, తర్వాత చర్చి శిఖరం, తర్వాతే ఇళ్ళు.

ఆ ఊరు పుట్టిన కథ నాకు మొదట చెప్పింది పక్కింటి పెద్దావిడ. తర్వాత మ్యూజియంలో, లైబ్రరీలో చూస్తే ఆవిడ చెప్పినవన్నీ దాదాపు సరిగ్గానే ఉన్నాయి. 1860ల చివర్లో స్వీడన్‌లో వరసగా పంటలు పోయి తిండికి కటకటలాడారు. వర్మ్‌లాండ్ అనే ప్రాంతంలో ఉలోఫ్ ఉల్‌సన్ అనే పాస్టర్ గారు తన వెంట వచ్చేవాళ్ళని పోగేసి 1869లో ఓడ ఎక్కారు. అంతకుముందే షికాగోలోని స్వీడిష్ వాళ్ళు కొందరు ఒక వ్యవసాయ కంపెనీ పెట్టి, రైల్వే కంపెనీ దగ్గర 13,000 ఎకరాలకు పైగా నేల కొని ఉంచారు. రైల్లో సలైనా అనే ఊరి దాకా రావచ్చు. ఆ నేల అక్కడినుంచి ఇరవై మైళ్ళు దక్షిణానికి. అటు హోమ్‌స్టెడ్ చట్టం కూడా ఉంది, అయిదేళ్ళు ఉండి సాగుచేస్తే 160 ఎకరాలు సొంతం. కలప కరువు, వచ్చినవాళ్ళు గట్ల పక్కన నేలలోకి గుంట తవ్వి పైన గడ్డి పెళ్ళలు కప్పుకుని కాపురాలు చేశారు. చర్చిని మాత్రం వచ్చిన ఏడాదే స్థాపించుకున్నారు.

ఈ కథలో ఒక భాగం ఊరివాళ్ళు తక్కువగా చెబుతారు, నేను మాత్రం చెప్పి తీరాలి. అది ఖాళీ నేల కాదు. కా అనే తెగవాళ్ళు, ఇంకా ఎన్నో తెగలు అడవిదున్నల వెంట వేటకు తిరిగిన నేల. ఆ కా తెగ పేరు మీదే కాన్సస్ అయింది. 1873లో వాళ్ళని అక్కడినుంచి దక్షిణానికి, ఇప్పటి ఓక్లహామాకి తోలేశారు. అంటే స్వీడిష్ వాళ్ళు గుంటల్లో మొదటి చలికాలాలు గడుపుతున్నప్పుడే కొద్ది దూరంలో ఇంకో జనం తట్టాబుట్టా సర్దుకునే రోజులు దగ్గరపడ్డాయన్నమాట. ఈ రెండూ కలిపితేనే ఊరి చరిత్ర.

1874లో మిడతలు వచ్చాయి. పంటా, ఆకూ ఏదీ మిగల్చలేదంటారు. సరిగ్గా ఆ ఏడాదే ఆ జిల్లా దక్షిణ భాగానికీ, పక్క జిల్లాలకీ రష్యా నుంచి మెనొనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు వచ్చారు, టర్కీ రెడ్ అనే గోధుమ విత్తనం తీసుకుని. అది చలికాలపు గోధుమ. సెప్టెంబర్, అక్టోబర్లలో విత్తుతారు, మొలకెత్తి మంచు కింద పడుకుంటుంది, వసంతంలో లేస్తుంది, జూన్‌లో కోత. జనవరిలో మంచు కరిగినచోట పచ్చటి నారు కనబడితే మొదటిసారి నేను నమ్మలేదు.

మాది ప్రకాశం జిల్లాలో మెట్ట ఊరు, నాన్న వాన కోసం ఆకాశం కేసి చూస్తూ బతికిన మనిషి. ఫోన్లో ఈ గోధుమ గురించి చెప్తే ఆయన అడిగిన మొదటి మాట "ఎకరానికి ఎన్ని బస్తాలమ్మాయ్?" పక్కింటావిడ కొడుకుని అడిగి లెక్కలు కట్టాను. మామూలు ఏడు 40 బుషెళ్ళు, బుషెల్ అంటే 27 కిలోలు, మన 75 కిలోల బస్తాల్లో 15కి కాస్త తక్కువ. "అంతేనా!" అన్నాడు. నీళ్ళు పెట్టరు నాన్నా, వానే ఆధారం, ఒక్కో కుటుంబం వెయ్యి ఎకరాలు చేస్తుంది అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వడగళ్ళు పడతాయా అక్కడ?" అన్నాడు. ఆ ప్రశ్న విని పక్కింటావిడ కొడుకు నవ్వి, మీ నాన్నగారు అసలు రైతు అన్నాడు. పడతాయి మరి. కోతకి వారం ముందు పశ్చిమాన మబ్బు పడితే ఊరంతా టెన్షనే, చేనున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ కూడా.

కోతల రోజుల్లో వాళ్ళ పొలానికి భోజనం తీసుకెళ్ళేదాన్ని, ఆవిడతో కలిసి. నేను పులిహోర చేస్తే కంబైన్ అనే కోత మిషన్ దిగి వచ్చిన కుర్రాళ్ళు పికప్ ట్రక్కు వెనక తలుపు దించుకుని దాని మీద కూర్చుని తినేవారు, ఆవాలు, వేరుశనగపప్పులతో సహా. ఆ తర్వాత లారీలో ఎలివేటర్‌కి వెళ్ళాం ఒకసారి. లారీని గింజతో సహా తూకం మీదికి ఎక్కించి, పైనుంచి ఒక పొడుగాటి గొట్టం గింజలోకి దించి నమూనా లాగుతారు, తేమ చూస్తారు, తేమ ఎక్కువుంటే ధరలో కోత. రైతు మాత్రం మిషన్ చెప్పేదాకా ఆగడు, దారిలోనే నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరుకుతాడు. టక్కుమని విరిగితే ఆరినట్టు. నాకూ ఇచ్చాడు. ఇంకాస్త నములుతుంటే బంకలా అవుతుంది, పిల్లలకి అదే చూయింగ్ గమ్ అట. లారీ ఖాళీ చేసేటప్పుడు లేచే దుమ్ము వాసన మా ఊరి కళ్ళంలో వాసనే. అక్కడ నిలబడి ఏడుపొచ్చేసింది నాకు.

ఇంతవరకూ చెప్పింది ఏ ప్రెయిరీ ఊరికైనా కొంచెం అటూ ఇటూగా సరిపోతుంది. లిండ్స్‌బోర్గ్ వేరుగా నిలిచింది కార్ల్ స్వెన్సన్ అనే ఆయన వల్ల. ఉల్‌సన్ గారు ఇల్లినాయ్ వెళ్ళిపోయాక, 1879లో పాస్టర్‌గా వచ్చాడు, అప్పటికి ఆయనకి ఇరవై రెండేళ్ళు. రెండేళ్ళకే, 1881లో, చర్చిలోనే ఒక గదిలో గుప్పెడు మంది పిల్లలతో బెథనీ కాలేజీ మొదలుపెట్టాడు. మిడతల ఏడు గడిచి పదేళ్ళు కూడా కాలేదు. ఆ మరుసటేడు, 1882 మార్చిలో, క్రీస్తు మీద హాండెల్ రాసిన మెస్సయ్య అనే పెద్ద సంగీత రచనని ఊరివాళ్ళ చేత పాడించారు. రైతులు, వాళ్ళ భార్యలు, వడ్రంగులు. చాలామందికి స్వరలిపి చదవడం రాదు, ఇంగ్లీషు కూడా అంతంతమాత్రం. స్వెన్సన్ భార్య ఆల్మా కూర్చోబెట్టి నేర్పించింది. మెస్సయ్యని లండన్‌లో ఉల్‌సన్ గారు విన్నారనీ, ఆ మోజు ఆయన నుంచే స్వెన్సన్‌కి అంటుకుందనీ చెప్తారు. అప్పటినుంచీ దాదాపు ప్రతి ఏడూ ఈస్టర్ వారంలో పాడుతూనే ఉన్నారు. తర్వాత తర్వాత గుడ్ ఫ్రైడేకి బాహ్ రాసిన సెయింట్ మాథ్యూ పాషన్ అనే ఇంకో రచన కూడా చేరింది.

నేనూ పాడాను అందులో! పక్కింటావిడ లాక్కెళ్ళింది, నువ్వు వంట చేస్తూ పాడటం కిటికీలోంచి వింటూనే ఉన్నాను, వచ్చి ఆల్టోలో కూర్చో అని. ఆల్టో అంటే ఆడవాళ్ళలో కింది స్థాయిలో పాడే వరస. నేను చిన్నప్పుడు గీతాలు, నాలుగు వర్ణాలు నేర్చుకున్నాను అంతే. మనది కాని మతం పాట కదా, ఏమనుకుంటారో అని సంకోచించాను. అమ్మని అడిగితే "దేవుడి పాటే కదా, పాడితే పోయేదేముంది" అంది.

ప్రెస్సర్ హాల్ అని కాలేజీలో పెద్ద ఆడిటోరియం ఉంది, రిహార్సల్స్ అక్కడే. వెలుగులోకి పట్టుకున్న పుస్తకాల వెనక ఎవరెవరని చూస్తే, బాస్ అనే మగవాళ్ళ మంద్రస్థాయి వరసలో బ్యాంకులో క్యాషియర్, మా పాప స్కూలు బస్సు నడిపే ఆయన, పక్కనే ట్రాక్టర్ గ్రీజు గోళ్ళలో ఇంకా పోని చేతులతో ఒక రైతు. కాలేజీ పిల్లలు వాళ్ళ మధ్య. మా ఆల్టో వరసలో ఒక ముసలావిడ పుస్తకం తెరిచేదే కాదు, మొత్తం కంఠతా వచ్చు. మనకి పదిమంది పాడినా ఒకే బాణీ, అందరూ కలిసి వెళ్తాం. ఇక్కడ నా స్వరం నాది, పక్క వరస స్వరం పక్కదారిన పోతుంటుంది, చెవి అటు లాగేస్తుంది. మొదట్లో నాకు తెలియకుండానే పై స్థాయిలో పాడే సొప్రానో వాళ్ళ వెంట వెళ్ళిపోయేదాన్ని. పక్కనున్న ముసలావిడ ఏమీ అనకుండా నా చెవి దగ్గరికి ఒంగి మా వరస కాస్త గట్టిగా పాడేది, నేను వెనక్కి వచ్చేసేదాన్ని. వాళ్ళమ్మా, అమ్మమ్మా కూడా ఆల్టోలోనే పాడారట. మెస్సయ్యలో హల్లెలూయా అనే భాగం దగ్గర హాలు మొత్తం లేచి నిలబడినప్పుడు స్టేజీ మీద నిలబడి ఉండటం ఎలా ఉంటుందో రాయడం నా వల్ల కాదు.

నా గట్టి నమ్మకం ఏంటంటే, ఆ ఊరిని ఈ నూట యాభై ఏళ్ళూ నిలబెట్టింది గోధుమ కాదు, ఆ కాలేజీ, ఈ పాట. గోధుమ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఉంది. కానీ మిషన్లు పెద్దవయ్యేకొద్దీ పొలాలు కలిసిపోయాయి, మనుషులు తగ్గారు, ఎన్ని ఊళ్ళలో స్కూలు మూతపడి, కిరాణా కొట్టు మూతపడి, చివరికి ఎలివేటర్ ఒక్కటే మిగిలిందో ఆ రోడ్ల మీద తిరిగితే తెలుస్తుంది. లిండ్స్‌బోర్గ్‌లో 2020 లెక్కల ప్రకారం కూడా 3,700 మందికి పైగా ఉన్నారు.

పాట వెంటే బొమ్మ కూడా వచ్చింది. 1894లో స్వీడన్ నుంచి బిర్యర్ సాండ్‌జేన్ అనే కుర్ర చిత్రకారుడు ఆ కాలేజీలో చెప్పడానికి వచ్చి, 1946 దాకా చెప్పి, 1954లో ఆ ఊళ్ళోనే పోయాడు. పారిస్‌లోనో న్యూయార్క్‌లోనో ఉండాల్సిన మనిషి. రంగుని కత్తితో మెత్తినట్టు మందంగా వేస్తాడు. 1957లో కాలేజీ పక్కనే ఆయన పేర గ్యాలరీ కట్టారు. మొదటిసారి చూసినప్పుడు ఈ ఊదా రంగు చెట్లేంటి, నారింజ రంగు నీళ్ళేంటి అనుకున్నాను. తర్వాత ఒక అక్టోబర్ సాయంత్రం నది ఒడ్డున నడుస్తుంటే నిజంగానే కాటన్‌వుడ్ నీడలు ఊదాగా కనబడ్డాయి. ఆయన ప్రింట్లు తక్కువ ధరకే ఇచ్చేవాడట, స్కూళ్ళలో బొమ్మలుండాలని పట్టుబట్టేవాడట. మా పక్కింటావిడ వంటింట్లో, ఫ్రిజ్ పైన గోడకి, ఆయన ప్రింటు ఒకటి ఉండేది.

ఇప్పుడు ఆ ఊరు అనగానే అందరికీ గుర్తొచ్చేది ఎర్ర చెక్క గుర్రం, దాలా గుర్రం అంటారు. ప్రతి ఇంటి తలుపు పక్కనా ఆ గుర్రం బొమ్మ మీద ఇంటిపేరు. ఆండర్సన్, జాన్సన్, పీటర్సన్, అన్నీ సన్‌లే. మెయిన్ స్ట్రీట్‌లో చెక్క కోసి రంగులద్దే వర్క్‌షాప్ ఉంది, కిటికీలోంచి చూడొచ్చు. మా ఇంటిపేరు పదమూడు అక్షరాలు. రంగులేసే అమ్మాయి ఒకటికి రెండుసార్లు కాగితం మీద రాసి చూసుకుని, గుర్రం సైజు పెంచుదామంది. ఊళ్ళో అందరిదానికంటే పొడుగు గుర్రం మాదే.

టూరిస్టుల కోసం వేషం వేసుకున్న ఊరు అని తీసిపారేసే వాళ్ళుంటారు, అది నేను ఒప్పుకోను. భాష పోయింది, నిజమే. పక్కింటావిడ వాళ్ళమ్మ ప్రార్థన స్వీడిష్‌లో చేసేదట, ఆవిడకి మాత్రం భోజనం ముందు చెప్పే నాలుగు వాక్యాలే మిగిలాయి. కానీ 1941లో, ఇంకా మొదటి తరం పిల్లలు బతికుండగానే, వాళ్ళని గౌరవించుకుందామని ఊళ్ళో ఒక డాక్టర్ గారు ప్రతిపాదిస్తే హిల్నింగ్స్‌ఫెస్ట్ అనే పండుగ మొదలైంది. ఆ డాక్టర్ గారు స్వీడిష్ వంశస్థుడు కూడా కాదు. బేసి సంవత్సరాల అక్టోబర్‌లో చేస్తారు. హైస్కూల్ పిల్లలు జానపద నృత్యాలు చేస్తారు, మా పాప క్లాసులో జుట్టు నల్లగా ఉన్న పిల్లలూ ఆ గళ్ళ గౌన్లు వేసుకుని తిరిగారు. ఆ రోజుల్లో ఓస్ట్‌కాక అనే తీపి తప్పనిసరి. పాలు విరిచి గట్టిపరిచి పొయ్యిలో పెడతారు, లింగన్ పండ్ల జామ్‌తో తింటారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటే అచ్చం మన జున్నే, యాలకులొక్కటే తక్కువ. మా అత్తగారు వచ్చినప్పుడు పెడితే, ఈనిన గేదె ఎవరింట్లో ఉందని అడిగారు.

కొత్తవాళ్ళని కలుపుకోవడం కూడా ఆ ఊరికి వచ్చు. 2003లో ఒకప్పటి ప్రపంచ చెస్ ఛాంపియన్ అనతోలీ కార్పోవ్ పేరున చెస్ స్కూల్ పెట్టారు, గోధుమ చేల మధ్య! 2004లో అక్కడే కార్పోవ్‌కీ మహిళల మాజీ ప్రపంచ ఛాంపియన్ సూసన్ పోల్గార్‌కీ ఆరు ఆటల పోటీ జరిగి సమానంగా ముగిసింది. 2005 అక్టోబర్‌లో అయితే సాక్షాత్తూ గోర్బచేవ్ వచ్చారు. ఎవరు నమ్ముతారు? ఫోన్లో చెప్తే మా అన్నయ్య నమ్మలేదు, "మన గోర్బచేవేనా?" అన్నాడు. చిన్నప్పుడు మా ఇంటికి సోవియట్ భూమి పత్రిక వచ్చేది, దాని కాగితాలతో పుస్తకాలకి అట్టలేసుకున్నవాళ్ళం మేం.

మూడేళ్ళ గడువు అయ్యాక కూడా కొంతకాలం ఉన్నాం. తర్వాత పిల్లల చదువులని, ఇంకోటని, పెద్ద నగరానికి మారాం. పక్కింటావిడ ఇప్పుడు లేరు. వాళ్ళబ్బాయి ప్రతి జూన్‌లోనూ కోత ఎలా ఉందో, ఎకరానికి ఎన్ని బుషెళ్ళు వచ్చాయో మెసేజ్ పెడతాడు, నేను నాన్నకి బస్తాల్లోకి మార్చి చెప్తాను.

ఐ-135 హైవే మీద సలైనా, విచిటా మధ్య వెళ్ళేవాళ్ళుంటే దయచేసి ఒక పూట ఆగండి. ముందు ఊరికి వాయవ్యంగా ఉన్న కొరొనాడో హైట్స్ గుట్ట ఎక్కండి, కారు పైదాకా వెళ్తుంది. 1936లో పని కల్పించే పథకం కింద కట్టిన రాతి కోట ఉంటుంది, దాని మీదినుంచి లోయ మొత్తం కనబడుతుంది. నది ఒడ్డున 1898 నాటి పిండిమిల్లు, దాని పక్కనే 1904 సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శన కోసం స్వీడన్‌లో చేసి ఓడలో పంపిన చెక్క భవనం ఉన్నాయి, రెండూ చూడాల్సినవే. మే నెల మొదట్లో వెళ్తే మిల్లు తిప్పి చూపిస్తారు. గ్యాలరీ వదలొద్దు. మెస్సయ్య వినాలనుంటే మట్టల ఆదివారమో ఈస్టర్ ఆదివారమో చూసుకోండి, టికెట్లు ముందే తీసుకోండి. ఆల్టోలో ఎవరైనా పుస్తకం తెరవకుండా పాడుతుంటే నాకు కాస్త చెప్పండి.